పిడికెడు బియ్యం, మూడు తాళాల పెట్టె



పోయిన నెలలో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ వెళ్లిపోయారు. ఒక అక్క మాత్రం చుట్టిన చాపలనే మళ్లీ విప్పి చుడుతూ ఆగిపోయింది. ఏదో చెప్పాలని ఉందని అర్థమైంది. "ఏమ్మా, ఒంట్లో బాగుందా?" అన్నాను. అంతే, కళ్లనీళ్లు పెట్టుకుంది. వారం వారం కట్టాల్సిన అప్పు ఒకటి, ఫోనులో తీసుకున్న అప్పు ఇంకొకటి, పాడుకున్న చీటీ బాకీ మరొకటి. ఒకటి తీర్చడానికి ఇంకొకటి. "అయ్యగారూ, ఇద్దరం కూలికి పోతున్నాం. తాగుడు లేదు, పేకాట లేదు. అయినా నెల చివరికి చేతిలో రూపాయి ఉండట్లేదు. ప్రార్థన చేయండి" అంది.

ప్రార్థన చేశాను. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నా ముద్ద దిగలేదు. సంగతి విని మా ఇంటావిడ ఒక్క మాట అడిగింది: "ప్రార్థన చేశారు, సరే. లెక్క అడిగారా?"

అడగలేదు. అడగడం నా పని కాదనుకున్నాను. డబ్బు సంగతి ఎత్తితే కానుకల కోసమేమో అనుకుంటారని మాలాంటివాళ్లకు ఒక బెరుకు ఉంటుంది. ఆ రాత్రి నాకు పాతకాలం నాటి ఒక పల్లెటూరి పాస్టరు గుర్తొచ్చాడు. ఆయన లెక్క అడిగాడు. అడిగి ఊరుకోలేదు. ఈ వారం ఆయన కథతో మొదలుపెట్టి, ఇంటి పొదుపు అనే చిన్న అలవాటు ఎక్కడెక్కడ ఎలా నడిచిందో మీతో పంచుకుంటాను. (ఆ అక్క సంగతి ఆమెను అడిగే రాస్తున్నాను. పేరు చెప్పను, మీరూ ఆరా తీయకండి.)

రూత్‌వెల్ పాస్టరుగారి పెట్టె

స్కాట్లాండు దేశానికి దక్షిణం వైపు, సముద్రపు పాయకు దగ్గరలో రూత్‌వెల్ అనే చిన్న ఊరు ఉంది. 1799లో హెన్రీ డంకన్ అనే యువకుడు ఆ ఊరి సంఘానికి పాస్టరుగా వచ్చాడు. పాస్టరుగారి కొడుకే. 1774లో పుట్టాడు. పెద్దవాళ్లు ముందు ఆయన్ని లివర్‌పూల్ నగరంలో ఒక బ్యాంకు పనిలో పెట్టారు. మూడేళ్లు చేశాడు, మనసు నిలవలేదు. వదిలేసి వాక్య పరిచర్యకు చదువుకున్నాడు. అయితే బ్యాంకులో నేర్చుకున్న లెక్క ఊరికే పోలేదు.

ఆయన వచ్చిన రోజుల్లో పంటలు దెబ్బతిని తిండిగింజల ధర మండిపోయింది. లివర్‌పూల్‌లో ఉన్న తన అన్నదమ్ముల ద్వారా మొక్కజొన్న తెప్పించి ఊరివాళ్లకు అందేలా చేశాడు. కానీ ఎన్నిసార్లు తెప్పిస్తాడు? ఊళ్లో ఎక్కువమంది కూలీలు, పనివాళ్లు, ఇళ్లల్లో పనిచేసే ఆడపిల్లలు. పని ఉన్న నెలలో నాలుగు నాణేలు చేతికొస్తాయి. పని లేని నెలలో, జబ్బు చేసిన వారంలో ఏమీ ఉండదు. చేతికొచ్చిన నాలుగు నాణేలు దాచుకోవడానికి చోటు లేదు. గోడ సందులో దాచాలి, పరుపు కింద పెట్టాలి, లేకపోతే ఎవరికో అప్పివ్వాలి. పట్నంలో బ్యాంకు ఉంది. కానీ పది పౌండ్లు తెస్తేనే అక్కడ ఖాతా తెరుస్తారు. కూలివాడు పది పౌండ్లు ఒకచోట చూడటమే అరుదు.

ప్రియులారా, ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. "పేదవాళ్లకు పొదుపు తెలియదు" అని మనం తేలిగ్గా అనేస్తాం. డంకన్ అలా అనలేదు. వాళ్లకు దాచుకునే చోటు లేదని ఆయన గమనించాడు.

1810 మే నెలలో ఆయన ఆ ఊళ్లోనే ఒక పొదుపు బ్యాంకు తెరిచాడు. ఊరి సంఘం కూర్చునే మామూలు చిన్న ఇల్లే బ్యాంకు. ఆరు పెన్నీలు తెచ్చినా జమ కడతారు. ఇరవై షిల్లింగులు ఒక పౌండు, ఆరు పెన్నీలు అర షిల్లింగు. అంటే నలభై సార్లు తెస్తే ఒక పౌండు అవుతుంది. ఊరంతా తెచ్చిన చిల్లరను ఒకచోట కూడబెట్టి, ఆ మొత్తాన్ని పట్నం బ్యాంకులో వేశారు. మొత్తం పెద్దది కాబట్టి అక్కడ అయిదు శాతం వడ్డీ వచ్చింది. సభ్యులకు నాలుగు శాతం ఇచ్చారు. ఒక్క కూలివాడికి మూసి ఉన్న తలుపు, అందరి చిల్లర కలిసేసరికి తెరుచుకుంది.

డబ్బును ఒక పెట్టెలో దాచేవారు. ఆ ఇంటిని తర్వాతి కాలంలో ప్రదర్శనశాలగా మార్చారు. ఆ పెట్టెకు మూడు తాళాలు. మూడు తాళంచెవులు ముగ్గురి దగ్గర ఉండేవి. ముగ్గురూ ఒకచోట కూడితేనే పెట్టె తెరుచుకుంటుంది. పాస్టరుగారు ఒక్కడే వచ్చి తీయలేడు. ఈ ఏర్పాటు నాకు చాలా నచ్చింది. మంచివాడే కదా అని తాళంచెవి ఒక్కడి చేతిలో పెట్టడం ఆ మంచివాడికి కూడా మేలు కాదు.

మొదటి సంవత్సరం జమ అయినది 151 పౌండ్లు. ఆరేసి పెన్నీల లెక్కన చూస్తే 6,040 సార్లు ఎవరో ఒకరు చెయ్యి చాపినట్టు. నాలుగో ఏటికి అది 922 పౌండ్లయింది. ఈ సంగతి చుట్టుపక్కల ఊళ్లకు, పట్నాలకు పాకింది. మీరెలా నడుపుతున్నారని ఉత్తరాల మీద ఉత్తరాలు వచ్చాయి. ఆయన అన్నిటికీ జవాబు రాశాడు. తపాలా ఖర్చుకే సొంత డబ్బు బాగా కరిగిపోయింది. 1817లో ఇంగ్లండుకు, 1819లో స్కాట్లాండుకు పొదుపు బ్యాంకుల చట్టాలు వచ్చాయి. 1861లో బ్రిటన్‌లో పోస్టాఫీసుల్లోనే పొదుపు ఖాతాలు మొదలయ్యాయి. 1882లో మన దేశంలోనూ పోస్టాఫీసు పొదుపు బ్యాంకు వచ్చింది. మన తాతలు ట్రంకుపెట్టెలో బట్టల అడుగున దాచుకున్న పోస్టాఫీసు పుస్తకం ఆ వరసలోదే.

న్యాయంగా ఇంకో పేరు కూడా చెప్పాలి. డంకన్ కంటే ముందే, లండను పక్కన టాటెన్‌హామ్‌లో ప్రిసిల్లా వేక్‌ఫీల్డ్ అనే ఆమె స్త్రీల కోసం, పిల్లల కోసం ఇలాంటి పొదుపు ఏర్పాటు చేసింది. పిల్లల పుస్తకాలు రాసే తల్లి ఆమె. ఈ చరిత్రలో ఎక్కడ చూసినా ముందు ఒక స్త్రీ కనిపిస్తుంది. ఇది గుర్తుపెట్టుకోండి, ముందుకు పోయేకొద్దీ మీకే తెలుస్తుంది.

ఒక గట్టి ప్రశ్న

డంకన్‌ను అందరూ మెచ్చుకోలేదు. ఆ కాలంలోనే విలియం కాబెట్ అనే పత్రికా రచయిత ఈ పొదుపు బ్యాంకుల్ని గట్టిగా ఎగతాళి చేశాడు. అర్ధాకలితో ఉన్న కూలివాడిని దాచుకోమనడం ఏమిటి, ముందు అతనికి సరైన కూలి ఇవ్వండి అన్నది అలాంటివాళ్ల వాదన. అది ఊరికే కొట్టిపారేసే మాట కాదు. పేదల పోషణకు పన్ను వేసే పద్ధతి స్కాట్లాండులోకి రాకూడదని, ఎవరి కాళ్ల మీద వాళ్లు నిలబడాలని డంకన్ కోరిక. ఆ మాట వెనక దాక్కుని తమ బాధ్యత తప్పించుకున్న ధనవంతులూ ఉంటారు.

అందుకే ప్రసంగ వేదిక మీద నిలబడి "పొదుపు చేయండి" అని చెప్పేటప్పుడు నాకు భయం వేస్తుంది. ఎదురుగా కూర్చున్నవాళ్లలో రెండు పూటలు మాత్రమే పొయ్యి వెలిగించేవాళ్లు ఉన్నారు. ఇప్పటికే వాళ్లు చేసే పొదుపు నాకు రాదు. చిరిగిన చీర బొంతవుతుంది. బొంత పాతబడితే మసిగుడ్డవుతుంది. రాత్రి మిగిలిన అన్నం పొద్దున చద్దన్నం అవుతుంది. బియ్యం కడిగిన నీళ్లు గేదె కుడితిలోకి పోతాయి. ఇలాంటివాళ్లకు నేను ఖర్చు తగ్గించుకోవడం నేర్పడం అంటే చేపకు ఈత నేర్పినట్టే.

మరి ఆ ప్రశ్నకు జవాబేమిటి? నాకు దొరికిన జవాబు రెండు చోట్ల ఉంది. ఒకటి మన దేశపు ఈశాన్య కొండల్లో. ఇంకొకటి మన నెల్లూరు జిల్లాలో.

మిజో కొండల పిడికెడు బియ్యం

ఇప్పుడు మిజోరం అంటున్న ప్రాంతాన్ని అప్పట్లో లుషాయి కొండలు అనేవారు. కొండవాలు మీద అడవి నరికి, కాల్చి, ఆ బూడిదలో వరి చల్లే పోడు వ్యవసాయం వాళ్లది. చేతిలో నగదు ఉండేది కాదు. 1899లో అక్కడ మొదటి బాప్తిస్మాలు జరిగాయి. చిన్న సంఘం, పేద సంఘం. సువార్త పనికి, వాక్యం చెప్పే స్త్రీల పోషణకు డబ్బు ఎక్కడి నుంచి తేవాలి?

1910లో అక్కడి స్త్రీలు ఒక పద్ధతి మొదలుపెట్టారు. మిజో భాషలో దాని పేరు బుహ్‌ఫాయ్ థామ్. పిడికెడు బియ్యం అని అర్థం. ఇంట్లో అన్నం వండబోయే ప్రతిసారీ ఇంటికి సరిపడా బియ్యం కొలుస్తారు. కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే పాత్రలో వేస్తారు. ఆ తర్వాతే ఎసట్లో పోస్తారు. సంఘంలోని స్త్రీలు ఇల్లిల్లూ తిరిగి ఆ బియ్యం పోగుచేసి అమ్ముతారు. వచ్చిన డబ్బు దేవుని పనికి వెళ్తుంది.

మొదలుపెట్టిన మరుసటి ఏడే వాళ్లకు పెద్ద కష్టం వచ్చింది. ఆ కొండల్లో దాదాపు యాభై ఏళ్లకోసారి వెదురు ఒక్కసారిగా పూస్తుంది. ఆ కాయలు తిని ఎలుకలు విపరీతంగా పెరిగి, కాయలు అయిపోగానే వరి మీద పడతాయి. దాన్ని వాళ్లు మౌతం అంటారు. 1911-12లో వచ్చిన మౌతం భయంకరమైన కరువు తెచ్చింది. ఇంట్లో గింజ లేని రోజుల్లో ఆ తల్లులు పిడికెడు ఎలా తీశారో తలుచుకుంటేనే గుండె బరువెక్కుతుంది. కానీ ఆ అలవాటు ఆ కరువులో చచ్చిపోలేదు. నూరేళ్లు దాటి ఇప్పటికీ నడుస్తోంది. ఇప్పుడు ఏటా ఆ పిడికెళ్ల విలువ కోట్ల రూపాయలు. ఆ డబ్బుతో అక్కడి సంఘాలు దేశమంతటా సేవకులను పంపుతున్నాయి.

మన తెలుగు సంఘాల్లోనూ ఈ పద్ధతి కొత్తది కాదు. మా చిన్నప్పుడు మా నాయనమ్మ గూట్లో ఒక చిన్న కుండ ఉండేది. అందులో చెయ్యి పెడితే వేళ్ల మీద దెబ్బ పడేది. "అది మనది కాదురా" అనేది. ఆదివారం ఆ బియ్యం చెంగున కట్టుకుని గుడికి తెచ్చేది.

ఇందులో నేను గమనించిన కీలకం ఒకటుంది. పిడికెడు తీసేది వండకముందు. తిన్నాక మిగిలింది ఇవ్వడం కాదు. మిగిలితే చూద్దాం అనుకుంటే ఏ ఇంట్లోనూ ఏదీ మిగలదు. ముందే తీస్తే, కుండలో పిడికెడు తగ్గిందని తినేవాళ్లకు తెలియను కూడా తెలియదు. కరువు రాకముందే, పండిన ఏళ్లలోనే గింజలు దాచిన యోసేపు చేసింది కూడా ఇదే.

ఇంట్లో కాటా ఉంటే చూసుకోండి. మా ఇంటావిడ పిడికెడు తూచి చూశాను, నలభై గ్రాములుంది. రోజుకు రెండు పూటలంటే ఎనభై గ్రాములు. నెలకు రెండు కిలోల నాలుగు వందల గ్రాములు. ఏడాదికి ఇరవై తొమ్మిది కిలోలు. ఒక బస్తాకు దగ్గర దగ్గర.

నెల్లూరు తల్లుల రూపాయి

ఇప్పుడు మన గడ్డ మీదికి వద్దాం. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. పగలంతా కూలికి పోయిన ఆడవాళ్లు రాత్రి లాంతరు వెలుగులో పలక పట్టుకుని కూర్చున్నారు. అక్షరాలతోపాటు మాటలూ వచ్చాయి. మా ఇంట్లో డబ్బు ఎందుకు నిలవట్లేదు? ఒకరు మొదలుపెడితే అందరిదీ ఒకటే జవాబు. సారా. అప్పట్లో సారా ప్యాకెట్లలో వచ్చేది, ఊరూరా దొరికేది. మంచినీళ్లు రాని ఊరికి సారా మాత్రం వేళ తప్పకుండా వచ్చేది.

1992లో దూబగుంట అనే ఊళ్లో రోశమ్మ, ఆమెతోపాటు మరికొందరు తల్లులు సారా దుకాణం మూయించారు. చీపుర్లు, కారప్పొడి పట్టుకుని నిలబడ్డ ఆ ఆడవాళ్ల కథ మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అది ఊరి నుంచి ఊరికి, జిల్లా నుంచి రాష్ట్రానికి అంటుకుంది. సారా పాటలు సాగనివ్వలేదు. 1993 ఏప్రిల్లో నెల్లూరు జిల్లాలో, అదే ఏడు అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం కూడా వచ్చింది. అది ఎక్కువ కాలం నిలవలేదు. 1997లో సడలించారు. ఆ కథ వేరు.

నేను చెప్పదలచింది ఆ తర్వాత ఆ తల్లులు చేసిన పని గురించి. ఇంట్లో డబ్బు పోయే పెద్ద కన్నం మూసుకుంది. చేతిలో కాస్త ఆగింది. అది మళ్లీ ఇంకో దారిన పోకుండా వాళ్లు సంఘాలు కట్టుకున్నారు. రోజుకు ఒక్క రూపాయి దాచుకోవాలి. పొదుపు లక్ష్మి అన్న పేరుతో నెల్లూరు జిల్లాలో అది పల్లెపల్లెకూ పాకింది. రోజుకు రూపాయి, నెలకు ముప్ఫై. పదిహేనుమంది ఉన్న సంఘమైతే నెలకు 450, ఏడాదికి 5,475 రూపాయలు. ఆ రోజుల్లో అది ఒక గేదె కొనడానికో, ఒక ఆపరేషన్‌కో పనికొచ్చే డబ్బు. ఒక్కరి దగ్గర అంత ఎప్పుడూ ఉండదు. అవసరం పడ్డామెకు అందరి డబ్బు ఒక్కసారి అందుతుంది. రూత్‌వెల్ కూలీలు ఆరు పెన్నీలతో చేసింది ఇదే. దాదాపు ఆ సమయంలోనే, 1992లో, నాబార్డు ఇలాంటి స్వయం సహాయక సంఘాలను బ్యాంకులతో కలిపే పని దేశంలో మొదలుపెట్టింది. ఇవాళ మనం డ్వాక్రా అని పిలుచుకునే సంఘాల వెనక ఈ తల్లుల రూపాయి ఉంది.

కాబెట్ అడిగిన ప్రశ్నకు నాకు ఇక్కడ జవాబు దొరికింది. అప్పటికే కడుపు కట్టుకుని బతుకుతున్న ఆ ఆడవాళ్లను ఇంకా బిగించుకోమని చెప్పి ఉంటే అది పాపమే. వాళ్లు మొదట డబ్బు ఎక్కడ కారిపోతోందో వెతికారు. ఒక్కొక్కరుగా మూయలేని కన్నాన్ని అందరూ కలిసి మూశారు. మూశాక దాచారు. వెతకడం, మూయడం, దాచడం, ఈ వరస తప్పకూడదు. చిల్లు కుండలో ఎన్ని నీళ్లు పోస్తే మాత్రం ఏం లాభం?

పొదుపు పేరుతో వచ్చిన అప్పు

చరిత్ర అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. 2000 తర్వాత ఏళ్లలో పల్లెల్లోకి ఇంకో రకం మనుషులు వచ్చారు. వాళ్లూ అయిదుగురిని, పదిమందిని ఒకచోట కూర్చోబెట్టారు. వాళ్లూ పుస్తకాలిచ్చారు. చూడటానికి పొదుపు సంఘంలాగే ఉంది. తేడా ఒక్కటే. పొదుపు సంఘంలో ముందు మనం దాచి తర్వాత తీసుకుంటాం. ఇక్కడ ముందు తీసుకుని తర్వాత కడతాం. వారం తిరిగేసరికి వాకిట్లో మోటారుసైకిల్ ఆగుతుంది. ఒకరు కట్టకపోతే మిగతావాళ్లు కట్టాలి. నిన్నటిదాకా అక్కా చెల్లీ అని పిలుచుకున్నవాళ్లు ఒకరి గుమ్మం ముందు ఒకరు నిలబడి తిట్టుకున్నారు. కొన్ని ఇళ్లలో ప్రాణాలే పోయాయి. 2010 అక్టోబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ సూక్ష్మరుణాల వసూళ్లను అదుపు చేయడానికి అత్యవసరంగా ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది.

ఇప్పుడు ఆ మోటారుసైకిల్ కూడా అక్కర్లేదు. అప్పు ఫోనులోనే వస్తుంది, బెదిరింపూ ఫోనులోనే వస్తుంది. అడిగేవాళ్లు లేరు, చూసేవాళ్లు లేరు. అర్ధరాత్రి ఒంటరిగా కూర్చుని వేలితో నొక్కితే చాలు. మూడు తాళాల పెట్టెకు ఇది సరిగ్గా తలకిందులు. అక్కడ తెరవడానికి ముగ్గురు కావాలి. ఇక్కడ మునిగిపోవడానికి ఒక్కరు చాలు.

మా ఇంటి పోపుల డబ్బా

మీకు ఇంత చెప్పిన నేను నా సంగతి దాచుకోకూడదు. మా పెళ్లయిన కొత్తలో మా ఇంటావిడ వండబోయే ముందు పిడికెడు బియ్యం పక్కన పెట్టడం చూసి నేను నవ్వేవాణ్ని. కానుక బియ్యం వేరు, ఇది ఇంకో పిడికెడు. నెల చివర ఆ బియ్యం వండేది. అంత బియ్యానికి కొట్టులో ఇచ్చే డబ్బు తీసి ఖాళీ పోపుల డబ్బాలో వేసేది. "నూరో, నూట ఇరవయ్యో! దానితో మేడ కడతావా?" అనేవాణ్ని. నేనేమో ఎవరు ఏ శుభకార్యానికి పిలిచినా స్థోమతకు మించి చదివించేవాణ్ని. పాస్టరుగారు తక్కువ చదివించారంటారేమో అని. అది ప్రేమ అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అందులో ప్రేమ సగమే, మిగతా సగం నా పరువు.

ఒక వానాకాలం రాత్రి మా అమ్మకు ఊపిరాడలేదు. పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆటోకు, ముందు కట్టే డబ్బుకు నా జేబులో రెండు వందలు ఉన్నాయి. ఆ వేళలో ఎవరి తలుపు కొట్టను? మా ఇంటావిడ వంటింట్లోకి వెళ్లి డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. నాలుగేళ్ల పిడికెళ్లు. అయిదు వేల ఏడు వందల చిల్లర. ఒక్క మాట అనలేదు. ఆమె అని ఉంటే బాగుండేది. అమ్మ తెల్లవారేసరికి తేరుకుంది. నేను ఆటోలో ఇంటికి వస్తూ ఏడ్చాను.

ఆ రోజు నుంచి మా ఇంట్లో శుభకార్యాల డబ్బుకు కూడా ఒక లెక్క ఉంది. ఆ లెక్క ఆమె చేతిలో ఉంది.

లెక్క అడిగాక

ఆ అక్క సంగతికి వస్తాను. మరుసటి శనివారం నేనూ మా ఇంటావిడా వాళ్లింటికి వెళ్లాం. సంఘంలో పొదుపు లెక్కలు రాసే పెద్దమ్మ ఒకామె కూడా వచ్చింది. ముగ్గురం చాప మీద కూర్చుని, పిల్లవాడి నోటుపుస్తకంలో వచ్చేది ఒక పక్క, పోయేది ఒక పక్క రాశాం. గంట పట్టింది. వాళ్ల తిండిలో, బట్టల్లో తగ్గించడానికి నిజంగా ఏమీ లేదు. కారిపోతున్నది రెండు చోట్ల. ఒకటి ఫోను అప్పు మీద వడ్డీ. రెండోది, వాయిదా కట్టడానికి ఆఖరి రోజున చేసే చేబదులు. దాన్ని ఆమె అప్పుగా లెక్కే వేసుకోలేదు.

సంఘంలో ముగ్గురు తల్లులు కలిసి ఫోను అప్పు ఒక్కటి ముందు తీర్చేలా ఏర్పాటు చేశారు. వడ్డీ లేకుండా, నెలనెలా తిరిగి ఇచ్చేటట్టు. మిగతా రెండు అప్పులు ఇంకా ఉన్నాయి. అద్భుతం జరిగిందని నేను రాయను. అవి తీరడానికి ఏడాదిన్నర పడుతుంది. కానీ మొన్న ఆదివారం ఆమె చాపలు ఒక్కసారే చుట్టి, నవ్వుతూ వెళ్లిపోయింది.

కాబట్టి, ప్రియులారా, ఈ వారం మీ ఇంట్లో చేసి చూడమని మూడు సంగతులు అడుగుతున్నాను. ఇవి నా సొంత తెలివి కాదు. ఆ రూత్‌వెల్ వాళ్లు, మిజో తల్లులు, నెల్లూరు తల్లులు బతికి చూపించినవే.

మొదటిది, ముందే తీయండి. పిడికెడు బియ్యం కావచ్చు, పది రూపాయలు కావచ్చు, కూలి డబ్బు చేతికి రాగానే తీయండి. చిన్నదైనా పరవాలేదు, తప్పకూడదు.

రెండోది, ఒక నెలపాటు పోయే ప్రతి రూపాయీ రాయండి. భార్యాభర్తలు ఇద్దరూ కూర్చుని రాయండి. ఎవరిది తప్పు అని వెతకకండి. ఎక్కడ కారుతోంది అని వెతకండి. కన్నం పెద్దదైతే ఒక్కరే మూయాలని చూడకండి, మాతో చెప్పండి.

మూడోది, తాళంచెవి పంచుకోండి. అప్పు చేయబోయే ముందు ఇంట్లో ఇంకొకరికి, సంఘంలో నమ్మకమైన ఒకరికి చెప్పి చేయండి. చెప్పడానికి సిగ్గనిపించే అప్పు అయితే, ఆ సిగ్గే మీకు హెచ్చరిక.

ఇక కాస్త కలిగినవాళ్లకు ఒక మాట. మీ దగ్గర పనిచేసేవాళ్ల కూలి ఆపి, వాళ్లకు పొదుపు పాఠం చెప్పకండి. సాయంత్రానికి అందాల్సిన కూలి సాయంత్రానికే అందితే సగం అప్పులు పుట్టవు. అయిదు వేలమంది తిన్నాక మిగిలిన ముక్కలు పోగుచేయించిన ప్రభువు, ముందు వాళ్ల కడుపు నింపాడు. ఆ తర్వాతే గంపలు తెమ్మన్నాడు.

హెన్రీ డంకన్ కథకు చివరి మాట ఒకటి ఉంది. 1843లో స్కాట్లాండు సంఘం చీలినప్పుడు, మనస్సాక్షి కోసం ఆయన జీతాన్ని, నలభై ఏళ్లకు పైగా ఉన్న పాస్టరు ఇంటిని వదిలి బయటికి వచ్చేశాడు. అప్పటికి డెబ్భైకి దగ్గర పడ్డాడు. మూడేళ్లకు, 1846లో కన్నుమూశాడు. అంతమందికి దాచుకోవడం నేర్పినవాడు, అవసరమైనప్పుడు అన్నీ వదులుకోవడానికి భయపడలేదు. దాచుకోవడం అంటే డబ్బును పట్టుకుని వేలాడటం కాదని నాకు అక్కడ అర్థమైంది. రేపు ఏ గుమ్మం ముందూ తల వంచకుండా, సరైన పని చేయడానికి చేతులు ఖాళీగా ఉంచుకోవడమే పొదుపు.

వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత లెక్కల పుస్తకం రాయడం రానివాళ్లు ఆగండి. మా ఇంటావిడ, ఆ పెద్దమ్మ చూపిస్తారు. నోటుపుస్తకం, పెన్ను తెచ్చుకుంటే చాలు. చాపలు నేను చుడతాను.

దేవుడు మీ ఇంటి కుండను, మీ ఇంటి మాటను దీవించును గాక. ఆమేన్.